కాగితమెక్కిన ఘటం బాణీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి తిరిగి వచ్చి మూడు వారాలు గడిచాయి. ప్రయాణం గురించి రాసే ముందు మనసు కుదుటపడేదాకా ఆగడం మంచిదని మా ఆచార్యులు సలహా ఇచ్చారు. ఆగి చూశాను, కుదుటపడలేదు. ఇంకా ఆగితే జరిగినదానిలో సగాన్ని మర్యాద కోసం మింగేస్తానన్న భయం వేసి, కోపం ఉన్నప్పుడే రాస్తున్నాను. ఆ ప్రాంతం చూడనివారు దీన్ని చదివి అక్కడి కొబ్బరితోటలను, పనసచెట్లను ఊహించుకుంటే నాకు సంతోషమే. అక్కడ నేను చేసిన తప్పును కూడా వారు చూడాలని నా కోరిక.

మాది కదిరి దగ్గర ఒక మెట్టపల్లె. అమ్మానాన్నలు వేరుసెనగ చేలలో కూలికి వెళతారు. మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. ఇంటికి ఏ కాగితం వచ్చినా, రేషను కార్డు మొదలుకొని బ్యాంకు నోటీసు దాకా, చదివి చెప్పే పని నాకు పదేళ్ళప్పుడే వచ్చింది. కాగితం మీద లేనిది ఏ ఆఫీసులోనూ లేనట్టేనని ఆ వయసులోనే నేర్చుకున్నాను. ప్రస్తుతం విశాఖపట్నంలో సంగీతం ఎం.ఎ. చదువుతూ, అక్కడి కళాశాలల విద్యార్థులం కలిసి నడుపుకునే సింఫనీ ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తున్నాను. వయోలిన్ కన్నా కాస్త పెద్దది, కాస్త బొంగురు గొంతుది ఆ వాద్యం. దానితోపాటు నొటేషన్ కాగితాలన్నింటినీ భద్రపరచి, కచేరీకి ముందు ఎవరి కాగితం వారి ఎదుట పెట్టే బాధ్యత కూడా నాదే.

ఈసారి నలభై మందిమి టెక్కలిలో ఒక కచేరీ, పలాసలో ఒక కచేరీ చేయడానికి బయలుదేరాము. మమ్మల్ని నడిపించడానికి ముంబయి నుంచి ఒక అతిథి కండక్టరు వచ్చారు. మాతో కలిసి సోలో వాయించడానికి ఇద్దరు యువ కళాకారిణులను ఎంపిక చేశారు. ఒకరు విశాఖలో వయోలిన్ నేర్చుకుంటున్న అమ్మాయి. రెండవ వారు ఉద్దానం తీరంలో ఒక చిన్న ఊరికి చెందిన సన్నాయి విద్వాంసురాలు, పందొమ్మిదేళ్ళ ఢిల్లీశ్వరి. ఈ కథనమంతా ఆమె గురించే.

టెక్కలి

టెక్కలిలో బస్సు దిగగానే ఎదురుగా ఒక టీ కొట్టు. కొట్టు నడిపే ఆవిడ మా పెట్టెలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నట్టు చూసి, మనిషెత్తున్న సెల్లో పెట్టె దగ్గర ఆగిపోయింది.

"ఓలమ్మ, అందులో ఏటున్నాది? మనిషేటి?"

"వాయిద్యం అండీ" అన్నాను.

"అయితే పెళ్ళి బేండన్నమాట. ఎవరింటికి?"

పెళ్ళి కాదని, సింఫనీ అని, నలభై మందీ కలిసి వాయిస్తారని, ముందు ఒకాయన నిలబడి చిన్న కర్రతో నడిపిస్తారని, ఆయనను కండక్టరు అంటారని నేను వివరంగా చెప్పాను. ఆవిడ పాలు పొంగకుండా మంట తగ్గించి, "బస్సు ఇడిసీసి మీ ఎనకాల తిరుగుతున్నాడేటి పాపం! ఆయనకి టీ డబ్బులొద్దునే" అంది. మావాళ్ళందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి టీ తాగారు. నాకు ఆ ఉదయం ఆయన మీద గౌరవం కలిగింది.

గౌరవం కలగడానికి మరో కారణం ఉంది. అది చెప్పకపోతే నా కోపానికి విలువ ఉండదు. ఆయన గొప్ప సంగీతకారుడు. మధ్యాహ్నం టెక్కలిలో ఒక కళాశాల హాలులో రిహార్సల్ జరిగింది. మేము నెల రోజులుగా కుస్తీ పడుతున్న ఒక భాగాన్ని ఆయన రెండుసార్లు విని, "మీరంతా ఎవరి మటుకు వారు కరెక్టుగా వాయిస్తున్నారు, అదే సమస్య. పక్కవాళ్ళ ఊపిరి వినండి" అన్నారు. మూడవసారి వాయించినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. పక్కవారి ఊపిరి వినమని మాకు నేర్పిన మనిషే ఆ తరువాత ఒక మనిషి ఊపిరిని అక్కర్లేదన్నారు కనుక ఈ సంగతి రాస్తున్నాను.

సాయంత్రం కచేరీ, వయోలిన్ అమ్మాయి సోలోతో సహా, బాగా జరిగింది. అయితే మొదటి స్వరం మోగడానికి ముందు వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిది శాలువాలు, తొమ్మిది ఉపన్యాసాలు. చేతిలో వాద్యాలతో మేము వేదిక పక్కన గంటకు పైగా నిలబడ్డాము. మా కదిరి వైపు కూడా ఉపన్యాసాలు ఉంటాయి, కానీ భజన మేళం వాళ్ళు వచ్చి కూర్చుంటే ఎంత పెద్దమనిషైనా మైకు వదలవలసిందే. ఇక్కడ ఆ నియమం లేదని తెలిసింది.

తీరం వెంట

మరునాడు ఉదయం నన్నూ మనోజ్‌నూ ఢిల్లీశ్వరి ఊరికి పంపారు. మనోజ్ మా ఆర్కెస్ట్రాలో ఓబో వాయిస్తాడు. ఓబో కూడా సన్నాయిలాగా మూతి దగ్గర రెల్లు పీక పెట్టి ఊదే వాద్యమే. సన్నాయికి పరదేశం నుంచి వచ్చిన చుట్టం అనుకోవచ్చు. ఆమె వాయించే బాణీని విని, నొటేషన్‌లో రాసుకుని రావడం నా పని. ఆ కాగితం ఉంటే మిగతా వాద్యాల వారు ఆమె ఎక్కడ ఉందో చూసుకుంటూ వెనక నుంచి మెల్లగా తోడు ఇవ్వవచ్చు. నాకు చెప్పింది అంతే. నేను నమ్మింది కూడా అంతే.

సంతబొమ్మాళి మీదుగా తీరం పట్టుకుని ఉత్తరంగా వెళ్ళాము. పొలాలు అయిపోయి తోటలు మొదలయ్యాయి. కొబ్బరి కింద జీడిమామిడి, జీడిమామిడి పక్కన పనస, వాటి మీద మిరియపు తీగ. ఒక్క చెట్టు నీడ కోసం అరమైలు నడిచే పల్లె నుంచి వచ్చిన నాకు అదంతా అన్యాయంగా అనిపించింది, ఇంత నీడ ఒకేచోట పోసినందుకు. తుఫానుకు తలలు తెగిన కొబ్బరి మొద్దులు అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి మొదట్లోనే కొత్త మొక్కలు నాటారు. ఊరి పేరు రాయను. ఆ కుటుంబం అక్కడే బతకాలి.

ఢిల్లీశ్వరి తండ్రి దాలయ్య గారు రోడ్డు పక్కన చిన్న క్షౌరశాల నడుపుతారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పెళ్ళిళ్ళకూ అమ్మవారి పండగలకూ సన్నాయి ఆయనదే. ఇప్పుడు మూత్రపిండాలు చెడి, వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఇంటింటా ఈ జబ్బున్న ఉద్దానంలో ఈ మాట ఎవరూ గొంతు తగ్గించి చెప్పరు. మా వైపు వాన పడలేదని చెప్పినట్టు చెబుతారు. ఆయనకు ఊదే శ్వాస చాలడం లేదు. తల్లి నీలమ్మ గారు పలాసలో జీడిపిక్కల కార్ఖానాకు వెళతారు. పిక్క తొక్కలోని జీడి రసం తగిలి ఆవిడ వేళ్ళు నల్లగా మచ్చలు పడి ఉన్నాయి.

వాకిట్లో ఎండబెట్టిన జీడిపిక్కలు చూసి, వేరుసెనగ కాయ ఒలిచే అలవాటు కొద్దీ నేనొకటి తీసుకుని పంటితో కొరికాను. పెదవి నిప్పు అంటుకున్నట్టయింది.

"అయ్యో గుంటా! పచ్చి పిక్క కొరికీసినావేటి? ఎం.ఏ. సదివినావన్నారు" అంటూ నీలమ్మ గారు కొబ్బరినూనె తెచ్చి రాశారు. మంట తగ్గడానికి వరుసగా మూడు గ్లాసుల నీళ్ళు తాగాను. ఆ నీళ్ళు దాలయ్య గారి కోసం విడిగా కొనే టిన్నులోవని, ఇంట్లో మిగిలినవారు వీధి కుళాయి నీళ్ళే తాగుతారని తరువాత తెలిసింది. టిన్ను ఇరవై రూపాయలు. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మనోజ్ టిన్ను మీద రాసి పెట్టిన "నాన్న" అనే అక్షరాలు చూపించాడు.

భోజనానికి పనసకాయ కూర, ఎండురొయ్యల పులుసు పెట్టారు. పనసకాయను మాంసంలాగా మసాలాతో వండుతారని నేను వినలేదు. మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఆ తరువాత ఢిల్లీశ్వరి సన్నాయి తీసింది.

ఆమె మాతో వాయించవలసినది ఘటం బాణీ. అమ్మవారి పండగనాడు, దేవిని ఆవాహన చేసిన పసుపు కుండను ఒక ముత్తైదువ తలకెత్తుకుని ఊరంతా తిరుగుతుంది. అదే ఘటం. ఆమె కుండను తలకెత్తుకున్న క్షణం నుంచి మొదటి అడుగు వేసేదాకా సన్నాయి ఒకే బాణీని తిప్పి తిప్పి ఊదాలి. అడుగు పడకముందే బాణీ ఆగితే ఊరికి అరిష్టమని నమ్మకం. అందుకే ఊదే మనిషి చూపు ఎప్పుడూ ఆమె పాదాల మీదే ఉంటుంది.

ఢిల్లీశ్వరి పీకను తడిపి, అరుగు అంచున కూర్చుని, వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతున్న తల్లి పాదాల మీద చూపు నిలిపి మొదలుపెట్టింది. బాణీ చిన్నది. ప్రతి తిరుగుడులోనూ ఒక స్వరం దగ్గర కొంచెం ఆగి, ఎవరినో వస్తావా అని అడిగినట్టు ఉంటుంది. అడిగిన ప్రతిసారీ బతిమాలడం ఒక వీసం పెరుగుతుంది. ఐదవ తిరుగుడుకు నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

ఆమె ఆపాక నా పుస్తకం తెరిచాను. స్వరాలన్నీ రాసుకున్నాను. గమకాలకు గుర్తులు పెట్టుకున్నాను. చివరికి అడిగాను: "ఇది ఎన్నిసార్లు తిరుగుతుంది?"

"ఆవిడ కాలు కదిపేదాక."

"అంటే ఎన్నిసార్లు?"

"అదెలా సెప్తామండి? ఒకేడు మూడు, ఒకేడు తొమ్మిది. పోయినేడు మా అప్పలమ్మత్తకి కాలు తిమ్మిరెక్కిపోయి పదకొండు తిరిగింది. మా నాన్నకి కళ్ళు తేలిపోనాయి."

దాలయ్య గారు మంచం మీద నుంచి నవ్వారు. "అమ్మోరు కూడా నా ఊపిరి లెక్కెట్టింది ఆరోజు" అన్నారు.

"కాగితం మీద ఒక అంకె ఉండాలి" అన్నాను, చాలా ఓపికగా.

"అయితే మీకెంత కావాలో అంత రాసుకోండి మేడం."

నాలుగు అని రాశాను. ఎందుకు నాలుగు అంటే, పేజీ చివరకు నాలుగు సరిపోయాయి.

మేము లేవబోతుండగా మోటారు సైకిల్ మీద వల్లభరావు గారు వచ్చారు. పెద్ద కొబ్బరితోటల ఆసామి, పండగ కమిటీకి పెద్ద. మాకోసం బొండాలు కొట్టించి తెచ్చారు. "తాగండమ్మా. ఇక్కడి నీళ్ళు తాగకండి" అని నాతో ఎంతో ఆప్యాయంగా అన్నారు. అదే నోటితో, తనకంటే పదేళ్ళు పెద్దవాడైన మనిషిని "ఏరా దాలయ్యా, లెగవలేకపోతన్నావేటి" అన్నారు.

తరువాత అసలు మాట చెప్పారు. "ఈ గుంట పలాసలో ఊదుద్దని కాగితాలేసినారట. మంచిదే. కానమ్మా, ఘటం కాడ ఆడపిల్ల ఊదడం మా తాతల్నాటి నుంచీ నేదు. దాలయ్యకి సేతకాదు. అంచేత పలాసలో పెద్దోళ్ళ ముందర ఊదనీండి. కమిటీవోళ్ళం ఆటో కట్టించుకుని వత్తాం. అక్కడ సెల్లితే ఇక్కడా సెల్లుద్ది. నేదంటే డీజే మాటాడేత్తాం."

"డీజే పెట్టికి కళ్ళుంటాయేటి బాబూ, కాళ్ళు సూడ్డానికి?" అంది ఢిల్లీశ్వరి.

"దీనికి నోరెక్కువ" అని ఆయన నవ్వేశారు.

తిరుగు దారిలో ఆటోలో నా పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని కూర్చున్నాను. ఆ ఇంటికి నేనేదో మేలు చేసి వస్తున్నానని నమ్మాను. ఇప్పుడు ఆ వాక్యం రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

పలాస, రిహార్సల్ రోజు

పలాసలో ఎక్కడ చూసినా జీడిపప్పే. బజారులో ఒక వ్యాపారి గుండు, బద్ద, ముక్క అని వేరువేరు గోతాలలో పోసి ధరలు చెబుతూ, నా పెదవి మీది బొబ్బ చూసి, "పిక్క కొరికినారా? అయితే మీకు రూపాయి కూడా తగ్గించను, రుచి ముందే సూసేసినారు" అన్నాడు. మా ఇంట్లో జీడిపప్పు అంటే పాయసంలో వెతుక్కునే పదార్థం. ఇక్కడ దాన్ని ఒలిచే ఆడవాళ్ళు కొనుక్కునేది ముక్కేనని, అదీ పండగకేనని నీలమ్మ గారు అంతకుముందే చెప్పారు.

రిహార్సల్‌కు ఢిల్లీశ్వరి తండ్రితో వచ్చింది. ఇక్కడ ఒక విషయం వివరించాలి. ఆర్కెస్ట్రాలో అందరూ ఓబో ఇచ్చే ఒక స్వరానికి శ్రుతి చేసుకుంటారు. సన్నాయికి తిప్పడానికి మరలు లేవు. దాని శ్రుతి దాన్ని చెక్కినవాడు పెట్టిందే. ఆమె పీక మార్చి, పెదవి బిగించి చాలావరకు దగ్గరకు తెచ్చింది. అయినా వెంట్రుకవాసి తేడా మిగిలింది. కండక్టరు గారు కనుబొమలు ముడిచారు.

రెండవ ఇబ్బంది ఆమె చూపు. ఆయన చేతికర్రను చూడవలసిన చోట ఆమె ఆయన బూట్లను చూస్తోంది. ఆయన ఒకసారి బరువు మార్చుకోవడానికి అడుగు కదిపితే, ఆమె బాణీని ముగించేసింది. నలభై మందిమి గాలిలో వేలాడిపోయాము. కొందరు నవ్వారు.

"అమ్మా, నా చేతిని చూడు, కాళ్ళని కాదు" అన్నారాయన.

"మరి కాలు కదిపినారు గదండి" అంది ఆమె.

మళ్ళీ నవ్వారు. రెండవసారి ప్రయత్నించారు. ఆమె ఆయన చేతినే చూడాలని ప్రయత్నించింది, కానీ అడిగినట్టు ఆగే ఆ స్వరం దగ్గర చూపు దానంతటదే కిందికి జారింది. ఆయన గడియారం చూసుకున్నారు. పక్కనున్న స్టాండు మీద నా కాగితం కనిపించింది. తీసి చదివారు.

"ఎవరు రాశారిది?"

నేను చేయెత్తాను.

"బ్రహ్మాండంగా ఉంది. ప్రతి గమకం ఉంది. పబ్లిష్ చెయ్యొచ్చు."

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని దాచను. మా అమ్మ పక్కన ఉంటే బాగుండుననిపించింది. ఆ సంతోషంలో నేను ఉండగానే ఆయన కాగితాన్ని మనోజ్ ముందు పెట్టారు. "ఒకసారి వాయించు."

మనోజ్ మంచి విద్యార్థి. చూసి వాయించాడు, ఒక్క తప్పు లేకుండా, నాలుగుసార్లు తిప్పి, చక్కగా ఆపాడు. శ్రుతి కుదిరింది. అందరూ స్టాండ్లను విల్లులతో తట్టారు. మాలో అది చప్పట్ల వంటిది.

"సమస్య తీరిపోయింది. సోలో ఓబో చేస్తుంది" అన్నారు కండక్టరు గారు. తరువాత ఢిల్లీశ్వరి వైపు తిరిగి దయగా, "నిన్ను స్టేజి మీద సన్మానిస్తాం" అన్నారు.

ఆమె అర్థం కాక నా వైపు చూసింది. "అంటే నాను ఊదక్కర్నేదా?"

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. దాలయ్య గారు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి, "పదమ్మా" అన్నారు.

పలాస, కచేరీ రోజు

రాత్రంతా మాటలు కూర్చుకుని, ఉదయం కండక్టరు గారి వద్దకు వెళ్ళాను. ఊళ్ళో కమిటీ పెట్టిన షరతు చెప్పాను. పలాసలో ఊదితేనే ఊరిలో ఆమెకు తండ్రి స్థానం దక్కుతుందని చెప్పాను. "తీగల వాద్యాల వాళ్ళం ఆమె శ్రుతికి దించుకోగలం సర్. మిగతావారు ఆ ఒక్క పాటకు ఊరుకుంటే చాలు. ముగింపు మీ చేతితో కాక ఆమె చూపుతో జరగనివ్వండి" అన్నాను.

ఆయన శ్రద్ధగానే విన్నారు. "ఐడియా బాగుంది. కానీ మళ్ళీ శ్రుతులు మార్చడానికి పది నిమిషాలు పోతాయి. టైం లేదు. అంతమంది ముందు తడబడితే అవమానం ఆ అమ్మాయికే. అయినా నువ్వే కదమ్మా అంత చక్కగా రాసింది?"

నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

సాయంత్రం పది నిమిషాల సమయం లేని ఆ వేదిక మీద ఏడుగురు మాట్లాడారు. ఒకరు తమ బాల్యం గురించి, ఒకరు రహదారి గురించి, ఒకరు తమకు ముందు మాట్లాడిన వారి గురించి. నా గడియారంలో నలభై ఐదు నిమిషాలు. వయోలా మెడను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే తీగల గీతలు వేళ్ళ మీద గంట సేపు ఉన్నాయి.

ఢిల్లీశ్వరిని పిలిచి శాలువా కప్పారు. కొత్త లంగా ఓణీ వేసుకుని వచ్చింది. సన్నాయి గుడ్డ సంచిలో, చంకలో ఉంది. ఆమెకు మైకు ఇవ్వలేదు. ఫొటో తీసి కిందికి పంపేశారు. తరువాత మనోజ్ ఆమె బాణీని వాయించాడు.

హాలు వెనక భాగమంతా ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు. బాణీ మొదలవగానే వారిలో కదలిక వచ్చింది. ఇద్దరు ముగ్గురు లేచి చేతులు జోడించారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మనోజ్ ఆపాడు. కండక్టరు గారు వంగి నమస్కరించారు. ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. వెనక నుంచి ఒక ముసలావిడ గొంతు స్పష్టంగా వినిపించింది: "అదేటర్రా, మద్దెలో ఆపీసినారు?"

కచేరీ అయ్యాక మేము పెట్టెలు సర్దుకునే చోటికి వల్లభరావు గారు కమిటీ మనుషులతో వచ్చారు. దాలయ్య గారు, ఢిల్లీశ్వరి అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వల్లభరావు గారు వారివైపు చూడలేదు.

"భలేగుంది సార్!" అన్నారు కండక్టరు గారితో. "మా బాణీ కాగితమ్మీదకొచ్చీసింది. ఆ కాగితమొకటి ఇప్పించండి. పలాస బేండు మేళంలో కిలారినెట్టోడికి సదవడం వచ్చు. ఇంకెవర్నీ బతిమాలక్కర్నేదు."

"తప్పకుండా. ఇటువంటివి నలుగురికీ చేరాలి" అన్నారు కండక్టరు గారు.

ఢిల్లీశ్వరి అప్పుడు ముందుకు వచ్చింది. "బాబూ, ఆ కాగితం నాలుగు తిప్పుళ్ళకి ఆగిపోద్ది. ఘటమెత్తినావిడ ఐదోదానికి కాలు తీత్తే అప్పుడేటి సేత్తారు?"

వల్లభరావు గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ తరువాత నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీరేనట గదా రాసింది. ఐదు రాసెట్టండి" అన్నారు.

"రాయను" అన్నాను.

నా జీవితంలో పెద్దవారికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. కండక్టరు గారు నన్ను పేరు పెట్టి పిలిచి, ఇది పద్ధతి కాదన్నారు. నేను ఫైలు తెరిచి, మనోజ్ వాయించిన కాగితం, నా దగ్గరున్న మూలప్రతి, పెన్సిలు చిత్తు, మూడూ తీసి ఢిల్లీశ్వరి చేతిలో పెట్టాను. మనోజ్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నా దగ్గర ఇంకో కాపీ లేదు సర్" అన్నాడు. వల్లభరావు గారు "కాగితం ముక్కకి ఇంత గొడవా?" అని గొణిగి, "డీజేవోడికి ఫోన్ సెయ్యండ్రా" అంటూ వెళ్ళిపోయారు.

ఢిల్లీశ్వరి కాగితాలను దీపం కిందికి పట్టుకెళ్ళి చదివింది. ఇంటర్ పాసైన పిల్ల. స్వరలిపి రాకపోయినా పైన ఉన్న తెలుగు అక్షరాలు చదివింది. ఎడమవైపు "సంప్రదాయ బాణీ" అని ఉంది. కుడివైపు "స్వరలిపి" అని రాసి, దాని కింద నా పేరు, నా చదువు.

"మీ పేరుంది" అంది. "మాదేదండి?"

నేను కలం తీశాను.

"ఇప్పుడొద్దు" అంది. కోపంగా కూడా అనలేదు. "ఇప్పుడు రాత్తే ఇరికించినట్టుంటది." కాగితాలు మడిచి సన్నాయి సంచిలో పెట్టుకుని, తండ్రి చేయి పట్టుకుని నడిపించుకు వెళ్ళింది.

మళ్ళీ ఆ ఊరికి

మరునాడు ఆర్కెస్ట్రా బస్సు విశాఖకు వెళ్ళింది. నేను ఎక్కలేదు. ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్ళాను. నీలమ్మ గారు నన్ను చూసి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు, పీట వేశారు. వల్లభరావు గారికి ఫోను చేయించాను. విశాఖ మేడం పిలుస్తున్నారంటే ఆయన పదిహేను నిమిషాలలో వచ్చారు. ఆయన వస్తున్నారని విని ఢిల్లీశ్వరి పీకను నోటిలో పెట్టుకుని తడపడం మొదలుపెట్టింది.

"ఆ కాగితం తప్పు" అని మొదలుపెట్టాను. "రాసింది నేనే, తప్పని చెబుతున్నదీ నేనే."

"మీ బొంబాయి సారు బాగుందన్నాడు గదమ్మా?"

"ఆయన ఘటం ఎత్తడం చూడలేదు. నేనూ చూడలేదు. చూడకుండానే అంకె వేశాను. ఐదు రాసినా తప్పే, పదకొండు రాసినా తప్పే. ఆ బాణీ ఎలా ముగించాలో తెలిసినవారు మీ ఊళ్ళో ఇద్దరే. దాలయ్య గారు, ఢిల్లీశ్వరి. సంగీతం చదువుకున్న దానిగా చెబుతున్నాను, ఆమె చేతిలో ఆ బాణీకి ఏ లోటూ లేదు."

ఆయన మీసం సవరించుకున్నారు. నా మాట పనిచేస్తోందని తెలుస్తోంది. అది పనిచేస్తున్న తీరు మీద నాకు అప్పుడే కోపం రావడం మొదలైంది.

"సదువుకున్నోరు మీరంటే సరే" అన్నారు చివరికి. "అయితే అదే ముక్క రాసిచ్చీయండమ్మా. కమిటీకి సూపించాల. ఆడపిల్ల ఊదినాదని రేపు ఎవుడైనా లెగిస్తే, కాగితముంటే నోరు మూత్తాడు."

నేను దాలయ్య గారి వైపు చూశాను. ఆయన తల ఊపారు. పుస్తకంలోంచి ఒక పేజీ చింపి రాశాను. దాలయ్య గారి కుమార్తె ఢిల్లీశ్వరి ఘటం బాణీని సంపూర్ణంగా, దోషరహితంగా వాయించగలదని ధ్రువీకరిస్తున్నాను, అని.

"స్టాంపుందేటమ్మా?"

ఉంది. నొటేషన్ కాగితాల మీద వేసే ఆర్కెస్ట్రా ముద్ర ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. వేశాను. సంతకం చేశాను. తేదీ కూడా వేశాను. ఆయన నాచేత రెండుసార్లు బిగ్గరగా చదివించుకుని, కాగితాన్ని కళ్ళకద్దుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఇంకేటి, అయిపోయింది. డీజే వద్దనేత్తాను. పండగకి పిల్లే ఊదుద్ది" అని దాలయ్య గారి భుజం తట్టి, మోటారు సైకిల్ ఎక్కారు.

ఆయన అక్కడ ఉన్నంతసేపూ ఢిల్లీశ్వరి ఆయనకు మూడు అడుగుల దూరంలో, సన్నాయి ఒడిలో పెట్టుకుని, పీక బిగించి కూర్చునే ఉంది. ఒక్కసారి ఊది వినిపించమని ఆయన అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. కాగితం చదివే హడావిడిలో, సిగ్గుతో రాస్తున్నాను, నాకూ రాలేదు.

బండి చప్పుడు తోటల్లో కలిసిపోయింది. నీలమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, భోజనం చేసి వెళ్ళమన్నారు. ఢిల్లీశ్వరి సన్నాయి నుంచి పీక ఊడదీసి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"మా నాన్న ముప్పయ్యేళ్ళు ఊదినాడండి" అంది. "ఒక్కడూ కాగితం అడగనేదు."